రూపాయల కవరు, లక్షల వార్మరు: నెలలు నిండని బిడ్డకు వెచ్చదనం ఇచ్చే సామాన్లలో ఏది ఎంతవరకు పనికొస్తుంది

కర్నూలులో మే నెల ఎండ 43 డిగ్రీలు దాటిన రోజు కూడా నెలలు నిండని బిడ్డ చల్లబడుతుంది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. "ఈ ఎండల్లో బిడ్డకు చలేంది?" అని వెంట వచ్చిన అవ్వ అడిగితే అర్థముంది. వార్మరు, అంటే బిడ్డకు పైనుంచి వేడి పంపే యంత్రం, కొనాలన్నప్పుడు నర్సింగ్ హోమ్ యజమానులు కూడా అదే ప్రశ్న వేస్తారు.

జవాబు కుండలో ఉంది. రాయలసీమ వేసవిలో మట్టికుండ నీళ్లు అంత చల్లగా ఉండేది గాలి పొడిగా ఉండబట్టే. తడి ఎంత త్వరగా ఆవిరైతే కుండ అంత చల్లబడుతుంది. ఉమ్మనీటితో తడిసి బయటికి వచ్చిన బిడ్డ ఒంటి మీదా జరిగేది ఇదే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 క్యాలరీల వేడి కావాలి. కిలో బరువున్న బిడ్డ ఒళ్లు ఒక డిగ్రీ తగ్గడానికి 830 క్యాలరీల దాకా పోతే చాలు. ఆ వేడంతా బిడ్డ ఒంట్లోంచే పోతే ఒకటిన్నర గ్రాము తడి, అంటే టీచెంచాలో మూడో వంతుకు కూడా తక్కువ, బిడ్డను ఒక డిగ్రీ కిందికి లాగేస్తుంది. దీనికి తోడు సిజేరియన్ థియేటర్‌లో ఏసీ 20, 21 మీద ఉంటుంది. గౌను, మాస్కు, గ్లవ్స్ వేసుకున్న సర్జన్‌కు అది హాయి. 1,200 గ్రాముల బిడ్డకు అది డిసెంబరు తెల్లవారుజాము.

చల్లటి గదిలో తడి బిడ్డ చర్మం నిమిషానికి 0.3 డిగ్రీలు, లోపలి ఒళ్లు 0.1 డిగ్రీ తగ్గుతాయని పాత కొలతలు చెబుతున్నాయి. పది నిమిషాలు అటూ ఇటూ చూసేలోపు ఒక డిగ్రీ పోయినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 36.5 నుంచి 37.5 వరకు మామూలు. 36.0 నుంచి 36.4 అయితే చలి తగిలినట్టు. 35.9 నుంచి 32 వరకు మధ్యస్థం. 32 కన్నా తగ్గితే తీవ్రం. అమెరికాలో తక్కువ బరువు బిడ్డల మీద జరిపి 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ వార్డులో) చేరేటప్పటికి తగ్గిన ఒక్కో డిగ్రీకి మరణావకాశం 28 శాతం, ఆలస్యంగా వచ్చే ఇన్‌ఫెక్షన్ అవకాశం 11 శాతం పెరిగాయి. చల్లబడటమే చంపిందా, చావుకు దగ్గరైన బిడ్డ ఎక్కువ చల్లబడిందా అన్నది ఆ లెక్క తేల్చదు. అయినా 36.5 కోసం పట్టుబట్టడానికి ఆ మాత్రం చాలు.

ఈ సమీక్ష లేబర్ రూమ్ ఇన్‌చార్జ్ సిస్టర్లకు, సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లకు, చిన్న నర్సింగ్ హోమ్‌కు సామాను కొనేవారికి. కొటేషన్లలో కనబడే సరుకుతోపాటు కనబడనివీ ఇందులో ఉన్నాయి. అసలు తేడా తెచ్చేవి ఎక్కువగా ఆ రెండో రకమే.

ముందు ఏసీ రిమోట్

కొనాల్సిన మొదటి వస్తువు గోడ థర్మామీటరు. ఏసీ తెర మీద కనబడే అంకె గది వేడి కాదు, మనం కోరిన వేడి. థర్మామీటరును ఏసీ గాలి నేరుగా తగలని చోట, వార్మరు పరుపు ఎత్తులో తగిలించాలి. కాన్పు గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. 32 వారాలు నిండని కాన్పు అని ముందే తెలిస్తే అరగంట ముందు ఏసీ ఆపాలి, లేదా 26కు పెంచాలి. గోడలు, టేబుళ్లు, ఇనుప ట్రేలు చల్లగా ఉన్నంతసేపు గాలి వెచ్చబడినా బిడ్డ వేడి వాటివైపు పోతూనే ఉంటుంది. అందుకే ఆ అరగంట.

అన్నిటికన్నా చెడ్డది ఫ్యాన్. ఏసీ ఆపగానే ఉక్కగా ఉందని ఎవరో ఒకరు సీలింగ్ ఫ్యాన్ వేస్తారు. తడి బిడ్డ మీద ఫ్యాన్ గాలి అంటే కుండను విసనకర్రతో విసిరినట్టే. వార్మరు ఎంత మంచిదైనా ఆ గాలిని గెలవలేదు. స్విచ్చు మీద టేపు అంటించడం మోటు పద్ధతే కానీ పనిచేస్తుంది. వేసవిలో కరెంటు పోయినప్పుడు కిటికీ తెరిచినా అదే నష్టం.

రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నది మర్యాదల చిక్కు. సర్జన్‌ను అడిగి ఏసీ తగ్గించే ధైర్యం జూనియర్ సిస్టర్‌కు ఉండదు. "32 వారాల లోపు కాన్పుకు 26 డిగ్రీలు" అని రాతపూర్వకంగా థియేటర్ తలుపుకు అంటిస్తే అడిగేది సిస్టర్ కాదు, కాగితం. పైసా ఖర్చు లేనిది కాబట్టే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా లెక్కలో అయిదుకు అయిదు.

పాలిథీన్ కవరు

ఈ సమీక్షలో గెలిచిన సరుకు ఇదే. కాకపోతే ఎక్కువగా తప్పుగా వాడేదీ ఇదే.

పనిచేసే తీరు తేలిక. మెడ దాకా కవరులో ఉన్న బిడ్డ ఒంటి తడి లోపలి కొద్ది గాలిని చెమ్మతో నింపేస్తుంది. చెమ్మ నిండిన గాలిలో ఇంకా ఆవిరి కావడానికి చోటుండదు. పైన వార్మరు పంపే వేడి కిరణాలు మాత్రం పలుచని పాలిథీన్‌లోంచి దూరిపోతాయి. అంటే వేడి లోపలికి వస్తుంది, తడి బయటికి పోదు. అందుకే నెలలు నిండని బిడ్డను కవరులో పెట్టేముందు ఒళ్లు తుడవకూడదు. నెలలు నిండిన బిడ్డను తుడిచి తుడిచి అలవాటైన చేతులకు ఇదే కష్టం. తుడిస్తే రెండు నష్టాలు: నిమిషం పోతుంది, ఉల్లిపొర లాంటి చర్మం గీరుకుపోతుంది.

ఎవరికి? 32 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ. వారాలు సరిగా తెలియనప్పుడు 1,500 గ్రాముల లోపు కనబడే బిడ్డకు వాడితే తప్పు లేదు. పల్లెల నుంచి స్కానింగ్ కాగితం లేకుండా వచ్చే కాన్పులకు ఈ రెండో కొలతే దిక్కు.

వాడే క్రమం ఇది. కవరు ముందే విప్పి, మూతిని చొక్కా చేతిలా రెండు మడతలు మడిచి, వెచ్చబడిన వార్మరు మీద పరిచి ఉంచాలి. బిడ్డ రాగానే కాళ్లవైపు నుంచి లోపలికి జార్చి మెడ దాకా లాగాలి. చేతులు కూడా లోపలే. అలవాటైన ఇద్దరికి ఇది పది పదిహేను సెకన్ల పని. ఆలస్యమైనకొద్దీ లాభం తగ్గిపోతుంది. తల మాత్రం వెచ్చటి గుడ్డతో అద్ది, వెంటనే టోపీ పెట్టాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. ముఖం మీదికి కవరు జరిగే వీలు ఒక్క క్షణం కూడా ఉండకూడదు. కవరులో ఉన్న బిడ్డను చూసే మనిషి లేకుండా వదలకూడదనేది అందుకే.

తర్వాత చేయాల్సినవన్నీ కవరు తీయకుండానే చేయొచ్చు. స్టెతస్కోప్ కవరు మీంచే పెట్టి గుండె వినొచ్చు, శబ్దం వస్తుంది. ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ కుడి చేతికి కట్టి తీగను మెడ దగ్గర నుంచి బయటికి తీయాలి. బొడ్డులో క్యాథెటర్ (సన్నటి గొట్టం) వేయాల్సి వస్తే ఆ చోట చిన్న గంటు పెడితే చాలు. బరువు కూడా కవరుతోనే తూయాలి, ఇంకో ఖాళీ కవరు, గుడ్డ పెట్టి తూకాన్ని ముందే సున్నా చేసుకోవాలి. చల్లటి తూకం పళ్లెం మీద ఒంటి మీద ఏమీ లేని బిడ్డను పెట్టడమంటే అంతవరకు పడిన పాటు నేల పాలు చేయడమే.

బొడ్డుతాడు కోయడానికి కనీసం నిమిషం ఆగాలన్న సూచనకూ కవరుకూ పోటీ లేదు. ఆ నిమిషంలోనే కవరు తొడగొచ్చు. సిజేరియన్‌లో అయితే ఆ కవరు స్టెరైల్‌ది కావాలి. చాలాచోట్ల పొరపాటు ఇక్కడే జరుగుతుంది: ప్యాకింగ్ కవర్లు తెచ్చి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెడతారు. మెత్తటి పాలిథీన్ 105 నుంచి 115 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఆటోక్లేవ్ 121కి వెళుతుంది. బయటికి తీసేసరికి కవర్లన్నీ ఒక ముద్ద. ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాస్ పద్ధతిలో చేయించి, గ్యాస్ పూర్తిగా వదిలేదాకా గాలికి ఉంచాలి. ఆ వసతి లేకపోతే సీలు వేసిన రెడీమేడ్ స్టెరైల్ కవర్లు కొనడమే మేలు. మామూలు కాన్పుకు, బిడ్డ వార్మరు మీదికి వచ్చాక తొడగడానికి, శుభ్రమైన కొత్త కవరు సరిపోతుంది.

ఎట్లాంటి కవరు? లోపలిది కనబడేలా పారదర్శకంగా, రంగు లేకుండా, అక్షరాలు అచ్చు వేయకుండా, తిండి సామాను ప్యాకింగ్‌కు తయారైనది. ఆహారానికి తగిలే పాలిథీన్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10146. అట్ట మీద ఆ అంకె ఉందేమో చూడండి. అనంతపురం పాతూరులోనో కడప ఏడురోడ్ల దగ్గరో ప్యాకింగ్ సామాను అంగడికి వెళ్లి "ఫుడ్ గ్రేడ్, ఎల్‌డీ కవరు" అని అడగాలి. ఎల్‌డీ అంటే మెత్తటి పాలిథీన్ రకం. ఒట్టి "ప్లాస్టిక్ కవరు" అంటే చేతిలో పెట్టేది కరకరలాడే రకం కావచ్చు. చేత్తో నలిపితే చప్పుడు చేసేది వద్దు, మెత్తగా ఒంటికి అతుక్కునేది కావాలి. కూరగాయల క్యారీ బ్యాగులు, వాడిన ప్లాస్టిక్ కరిగించి చేసినవి, నల్లవి, రంగువి ముట్టుకోవద్దు. పరిమాణం 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 పొడవు అయితే కాళ్లు ముడుచుకున్న బిడ్డకు సరిపోయి మడవడానికి ఇంకా మిగులుతుంది. జిప్ ఉన్న కవర్లయితే ఆ గట్టి అంచును కత్తిరించి పారేయాలి, మెడ కింద అది ఒరుసుకుంటుంది.

ధర రూపాయల్లో ఉంటుంది. తలను కూడా కప్పే టోపీతో, మధ్యలో తెరిచే అతుకుతో వచ్చే కంపెనీ కవర్లు ఒక్కోటి వందల్లో పడతాయి. తెరవడం మూయడం వాటితో సులువు, స్టెరైల్‌గా వస్తాయి. వేడి నిలపడంలో మాత్రం ధరకు తగ్గ తేడా ఉంటుందని ఆశించొద్దు.

లోపాలూ చెప్పాలి. 28 వారాల లోపు బిడ్డల మీద పలు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2015లో వెలువడిన పెద్ద ప్రయోగంలో కవరు వేసినవారి సగటు 36.3, వేయనివారిది 35.7. తేడా స్పష్టం. కానీ 36.3 కూడా మామూలు గీత కిందే ఉంది. మరణాల్లో తేడా కనబడలేదు. కాబట్టి కవరు వేశాం కదా అని ఏసీ 20లో వదిలేస్తే కుదరదు. ఇంకో దేశవాళీ చిక్కు: తాత, అవ్వ చూసి "బిడ్డను కవర్లో చుట్టినారు" అని గొల్లుమంటారు. మన వాడుకలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. తలుపు తీసేముందే ఒక్క ముక్క చెప్పి ఉంచడం సిస్టర్ పనిలో భాగం.

కవరు ఎప్పుడు తీయాలి? ఎస్‌ఎన్‌సీయూకు (జబ్బు పసిబిడ్డల ప్రత్యేక వార్డుకు) చేరి, చంకలో కొలిచిన వేడి 36.5 పైన నిలబడ్డాక. దారిలో కాదు. అయిదుకు నాలుగున్నర.

రేడియంట్ వార్మరు

దీని ఖర్చు కవరు ఖర్చుకు వేల రెట్లు. వార్మరు లేకుండా కాన్పు గది నడవదు, అందులో వాదన లేదు. కానీ బిడ్డ వచ్చాక స్విచ్ వేసిన వార్మరు మొదటి పది నిమిషాలు పేరుకే వార్మరు. 20 నుంచి 30 నిమిషాల ముందు మాన్యువల్ మోడ్‌లో పూర్తి వేడి మీద పెట్టాలి. పరుపు, గుడ్డలు, టోపీ దాని కిందే ఉండాలి. చేత్తో ముట్టుకుంటే గుడ్డ గోరువెచ్చగా తెలియాలి. కొన్ని యంత్రాలు మాన్యువల్‌లో పావుగంటకొకసారి అలారం కొట్టి వేడి తగ్గిస్తాయి. అది లోపం కాదు, బిడ్డ కాలకుండా పెట్టిన కట్టుబాటు. అలారం నొక్కి మళ్లీ పెంచే మనిషి అక్కడ ఉండాలి.

బిడ్డ వచ్చి ఊపిరి కుదుటపడగానే సర్వో మోడ్‌కు (బిడ్డ ఒంటి వేడిని బట్టి హీటరు తనంతట తనే సర్దుకునే పద్ధతికి) మార్చి 36.5 పెట్టాలి. వేడి కొలిచే ప్రోబ్ కడుపు కుడివైపు పైభాగాన, కాలేయం మీద అంటించాలి. ఎముక మీద వద్దు. తడి చర్మానికి టేపు నిలవదు. అందుకని ఆ ఒక్క చోటును మాత్రం మెత్తటి పొడిగుడ్డతో అద్ది, మెరిసే బిళ్లతో అంటించి, ఆ పైన కవరు లాగాలి. ఇక్కడ యంత్రం మోసం చేయదు కానీ మోసపోతుంది. ప్రోబ్ ఊడి గాలిలో వేలాడితే బిడ్డ చల్లగా ఉందనుకుని హీటరు పూర్తిగా మండుతుంది, బిడ్డ కాగిపోతుంది. ప్రోబ్ బిడ్డ వీపు కింద నలిగితే వేడిగా ఉందనుకుని హీటరు తగ్గిపోతుంది, బిడ్డ చల్లబడుతుంది. తెర మీద 36.5 చూసి నమ్మకుండా చంకలో వేరే థర్మామీటరు పెట్టి చూడాలి.

కొనేటప్పుడు ఏం చూడాలో సేల్స్‌మన్ చెప్పడు. హీటరు కడ్డీలు రెండో మూడో ఉంటే ఒకటి కాలిపోయినా మిగతావి వెలుగుతుంటాయి. సిరామిక్ రకం ఎర్రబడదు కాబట్టి పోయిందీ లేనిదీ కంటికి తెలియదు. నెలకోసారి పరుపు మధ్యలో థర్మామీటరు పెట్టి, పూర్తి వేడిలో అరగంటకు ఎంత వస్తుందో రాసుకుంటే తేడా పట్టుబడుతుంది. ఎక్స్‌రే కోసం పక్కకు తిప్పిన హీటరు తల మళ్లీ మధ్యకు రాకుండా ఉండిపోవడం మామూలు. పరుపుకు హీటరుకు మధ్య దూరం కంపెనీ చెప్పినంతే ఉండాలి, ఎత్తుగా ఉందని ట్రేలు, మడత దుప్పట్లు తీసివేసినా, వేసినా లెక్క మారుతుంది. పక్కనున్న అద్దం పలకలు ఎప్పుడూ లేచి ఉండాలి. అవి దించేస్తే బిడ్డ మీదుగా గాలి కొడుతుంది. అన్నిటికన్నా త్వరగా పాడయ్యేది ప్రోబ్. తీగ మడతపడి తెగుతుంది. వార్మరుతోపాటే రెండు అదనపు ప్రోబ్‌లు రాయించుకోండి, తర్వాత అడిగితే విడిభాగం కోసం హైదరాబాద్ వైపు చూడాలి.

వార్మరు కింద దుప్పటి కప్పకూడదు. మందపాటి గుడ్డ వేడిని అడ్డుకుంటుంది, కింద బిడ్డ చల్లగానే ఉంటుంది. దూదిలో చుట్టే పాత అలవాటుకూ ఇదే చెప్పాలి. వార్మరు కింద దూది అడ్డమే, పైగా పోగులు చర్మానికి అంటుకుంటాయి. అల్యూమినియం రేకు ఇంకా తప్పు. అది పైనుంచి వచ్చే కిరణాలను తిప్పికొడుతుంది.

ఇన్వర్టరు మీద ఇది నడుస్తుందనుకోవద్దు. వందల వాట్ల సరుకు, గంటల తరబడి లాగుతుంది. జనరేటర్ లైను వార్మరు ప్లగ్గుకు ఉందో లేదో కొనే ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. కొన్న తర్వాత అడిగితే ఉత్త బరువు. సరైన వాడుకలో అయిదుకు నాలుగు, బిడ్డ వచ్చాక స్విచ్ వేసే చోట ఒకటి.

టోపీ

బిడ్డ ఒంటి మొత్తం ఉపరితలంలో తలది అయిదో వంతు. కానీ పలుచని బనియను గుడ్డ టోపీతో లాభం లేదని పాత పరిశీలనల్లోనే తేలింది. తడిస్తే అది చల్లటి గుడ్డ. ఉన్నిది, లేదా లోపల మెత్తటి పొర కుట్టినది కావాలి. ఒక పురుడుకు రెండు. మొదటిది తడవగానే రెండోది. కవరు వేసి టోపీ మరిచిపోవడం తరచుగా కనబడే తప్పు, ఎందుకంటే మాస్కుతో ఊపిరి పోసే మనిషి తలవైపే నిలబడి ఉంటాడు, టోపీ ఎవరి పనో తేలదు. ఆ పని ఎవరిదో పేరు పెట్టి ముందే చెప్పాలి.

వేడి జెల్ పరుపు

లోపలున్న లోహపు బిళ్లను చిటుక్కుమని నొక్కగానే గడ్డకట్టి వేడెక్కే జెల్ పరుపు ఇది. లోపల ఉండేది సోడియం అసిటేట్. కరెంటు అక్కర్లేదు, 38 నుంచి 40 డిగ్రీల వేడి ఇస్తుంది. కాగితం మీద చూస్తే సీహెచ్‌సీకీ 108కీ దీనికన్నా మంచిది లేదు.

మన ఊళ్లలో చిక్కు దాచే చోటుతో వస్తుంది. నొక్కేటప్పుడు జెల్ ఎంత వెచ్చగా ఉంటే వేడెక్కాక అంత పైకి పోతుంది. అందుకే దాన్ని సుమారు 19 నుంచి 28 డిగ్రీల గదిలో ఉంచమంటారు. రేకుల స్టోరు రూములో, మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీల్లో పడి ఉన్న పరుపును తెచ్చి నొక్కితే బిడ్డ చర్మం కాలే ప్రమాదం ఉంది. వేసవిలో ఏసీ గదిలో దాచలేకపోతే కొనొద్దు.

కవరుతో కలిపి వాడితే లాభం రెట్టింపవుతుందనుకోవడమూ పొరపాటే. డబ్లిన్‌లో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో కవరు, పరుపు రెండూ వాడిన 37 మంది బిడ్డల్లో 15 మందే మామూలు వేడిలో ఉన్నారు. కవరు ఒక్కటే వాడిన 35 మందిలో 27 మంది ఉన్నారు. రెండూ వాడినవారిలో మిగతా చాలామంది అతిగా వేడెక్కారు, ప్రయోగాన్ని ముందే ఆపేశారు. 37.5 దాటడం కూడా హానే. అట్లా దాటితే మొదట పరుపు తీసేయాలి, తర్వాత వార్మరు తగ్గించాలి, అప్పటికీ తగ్గకపోతే కవరు మెడ దగ్గర వదులు చేయాలి. కాన్పు సమయంలో తల్లికి జ్వరం ఉంటే బిడ్డ వేడిగానే పుడుతుంది, అక్కడ పరుపు మాటే వద్దు. అయిదుకు రెండు. అది కూడా కరెంటు లేని దారికి.

దారి

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. కదిరి నుంచి అనంతపురం, పులివెందుల నుంచి కడప రిమ్స్ కూడా చిన్న దూరాలు కావు. లేబర్ రూములో 36.8తో బయలుదేరిన బిడ్డ చేరేసరికి 35కు పడితే ముందు చేసినదంతా పోయినట్టే.

మైనం పొరతో పనిచేసే చిన్న నిద్రసంచి లాంటి వార్మర్లు ఇక్కడ పనికొస్తాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరగతిలో ఒక ప్రాజెక్టుగా మొదలై, బెంగళూరు కేంద్రంగా మన దేశంలోకి వచ్చిన ఎంబ్రేస్ ఈ రకమే. మైనాన్ని ముందు కరిగిస్తే అది మళ్లీ గడ్డకట్టేదాకా 37 డిగ్రీల దగ్గర నిలిచి కొన్ని గంటలు వేడిస్తుంది. జెల్ పరుపులా ఎక్కడ దాచారన్నదాన్ని బట్టి అతిగా పోదు, అదే దీని గొప్ప. కాన్పు గదికి మాత్రం ఇది కాదు. లోపల ఉన్న బిడ్డకు ఊపిరి అందించడం, చూడటం కష్టం. కుదుటపడిన బిడ్డ ప్రయాణానికి వాడాలి.

సామాను ఏదీ లేనప్పుడు, ఉన్నప్పుడు కూడా, తల్లి ఛాతీని మించినది లేదు. తల్లి వెంట వెళ్లగలిగితే, బిడ్డ ఊపిరి బాగుంటే, ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి, టోపీ, డైపరు వేసి, పైన పైటతో కట్టి కూర్చోబెట్టాలి. 2021లో వెలువడిన, భారత్ సహా అయిదు దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధనలో 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ కంగారూ సంరక్షణ మొదలుపెడితే 28 రోజుల్లో మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. పైన చెప్పిన యంత్రాల్లో దేనికీ ఇట్లాంటి అంకె లేదు. తల్లి సిజేరియన్ టేబుల్ మీద ఉంటే తండ్రో అమ్మమ్మో ఎత్తుకోవచ్చు. అంబులెన్సులో బిడ్డ ఉన్నంతసేపు ఏసీ ఆపమని పైలట్‌కు (డ్రైవరుకు) ముందే చెప్పండి.

వేడినీళ్ల సీసాలు, 200 వాట్ల బల్బులు, గాలి కొట్టే రూమ్ హీటర్లు వద్దు. మొదటి రెండూ కాలుస్తాయి. మూడోది వేడిగాలే అయినా గాలే, తడిని ఇంకా త్వరగా ఆరబెడుతుంది.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారు గోడ థర్మామీటరు, వంద కవర్లు, ఇరవై ఉన్ని టోపీలు ఈ వారమే తెచ్చుకోండి. ఉన్న వార్మరుకు కొత్త ప్రోబ్, జనరేటర్ లైను ఆ తర్వాత. జెల్ పరుపు గురించి ఆలోచించేది ఆఖరున. వీటితోపాటు డిజిటల్ థర్మామీటరు ఒకటి కాన్పు గదికే కేటాయించాలి. పాత పాదరసం రకం 35 దగ్గర మొదలవుతుంది, అంతకన్నా కింద ఉన్న బిడ్డ కూడా అందులో 35గానే కనబడుతుంది. డిజిటల్‌వి చాలావరకు 32 దాకా చూపిస్తాయి, అంతకు దిగితే అంకె బదులు 'ఎల్' అనో 'లో' అనో అక్షరాలు వస్తాయి. అది చూసి థర్మామీటరు పాడైందని పక్కన పడేసి ఇంకోటి వెతకొద్దు. చల్లబడింది బిడ్డే.